సిటిజెన్‌షిప్ క్లినిక్‌లో పని చేస్తానంటున్న అమ్మాయి

అమ్మా, మీరు సియాటెల్ దగ్గర ఉంటున్నారు, అమ్మాయి పొలిటికల్ సైన్స్ ఆఖరి సంవత్సరం, గ్రీన్ కార్డ్ ఉంది, శనివారాలు, అమెరికా పౌరసత్వానికి అప్లై చేసేవాళ్లకి సాయం చేసే సిటిజెన్‌షిప్ క్లినిక్‌కి వాలంటీర్‌గా వెళ్తోంది, ఇప్పుడు అదే ఉద్యోగం చేస్తానంటోంది, "ఫారాలు నింపే పనేంటండీ, కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేయమని మీరైనా చెప్పండి" అని రాశారు. ఆ మాట నేను చెప్పలేనమ్మా.

సిటిజెన్‌షిప్ ఇచ్చేది సిటీ ప్రభుత్వం కాదు, ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే ఫెడరల్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్. కానీ ఆ గుమ్మం దాకా జనాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే పని చాలా ఊళ్లలో సిటీలు నెత్తిన వేసుకున్నాయి. మీ సియాటెల్‌లోనే న్యూ సిటిజెన్ ప్రోగ్రామ్ ఉంది, సిటీ డబ్బులిస్తే స్వచ్ఛంద సంస్థలు క్లాసులు చెప్పి, అప్లికేషన్ నింపించి, ఇంటర్వ్యూకి తయారు చేస్తాయి. లాస్ ఏంజెలెస్‌లో లైబ్రరీల్లోనే సిటిజెన్‌షిప్ కార్నర్లు పెట్టారు. 2014లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో మేయర్లు దీనికోసమే చేతులు కలిపారు.

ఇక ఫారాలు నింపడం అన్నారు కదా, ఒకసారి నేను కళ్లారా చూసింది చెప్తా. నెల్లూరు పెద్దాయన ఒకాయన రబ్బరు బ్యాండ్ వేసిన రెండు పాస్‌పోర్టులు టేబుల్ మీద పెట్టి "అమ్మాయి పురుటికి వెళ్లా, ఆర్నెల్లు కూడా లేను" అన్నారు. ఎదురుగా ఉన్న పిల్ల ఒక్కో స్టాంపు మీద వేలు పెట్టి లెక్క కట్టింది, ఆరు నెలల పంతొమ్మిది రోజులు తేలింది. దేశం బయట ఆరు నెలలు దాటితే అమెరికాలో నివాసం తెగిందేమో అని ఆఫీసర్ అడుగుతాడు, అందుకని ఆ రోజు ఫారం పంపనివ్వకుండా ఇంటి లీజు, టాక్స్ కాగితాలు తెమ్మని చెప్పి, లాయర్‌తో మాట్లాడించింది. ఆ ఒక్క తేదీ తప్పు రాసి ఉంటే ఆయన గతేంటి? అందుకే దీన్ని చిన్న పని అంటే నాకు మనసొప్పదు.

అమ్మాయి తెలుసుకోవాల్సింది ఒకటుంది. లాయర్ కాకపోయినా, జస్టిస్ డిపార్ట్‌మెంట్ అక్రెడిటేషన్, అంటే ఆ శాఖ ఇచ్చే అనుమతి, ఉంటే యూఎస్‌సీఐఎస్ ముందు క్లయింట్ తరఫున నిలబడొచ్చు. అది సొంతంగా అప్లై చేసేది కాదు, గుర్తింపు ఉన్న సంస్థలో చేరాలి, ఆ సంస్థే అప్లై చేయాలి, మూడేళ్లకోసారి రెన్యూవల్. తర్వాత లా చదివినా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చేసి సిటీ ఆఫీసుకి వెళ్లినా ఈ అనుభవం పనికొస్తుంది.

జీతం సంగతి దాచను, సాఫ్ట్‌వేర్‌కి దరిదాపుల్లో ఉండదు, పైగా చాలా పోస్టులు గ్రాంట్ మీద నడుస్తాయి, గ్రాంట్ ఆగితే పోస్టు పోవచ్చు. కానీ ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉంటే, ప్రభుత్వంలోనో అర్హత ఉన్న నాన్‌ప్రాఫిట్‌లోనో ఫుల్‌టైమ్ చేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగతాది మాఫీ చేసే పథకం ఉంది, చూసుకోమనండి.

ఇంకో మాట, తన గ్రీన్ కార్డ్‌కి ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో చూడండి, దానికి 90 రోజుల ముందే సిటిజెన్‌షిప్‌కి అప్లై చేయొచ్చు. రేపు యూఎస్‌సీఐఎస్‌లోనే ఆఫీసర్ ఉద్యోగం కావాలంటే సిటిజెన్ అయి ఉండాలి కాబట్టి ఇది ఆలస్యం చేయొద్దు. ఈ శనివారం క్లినిక్ సూపర్‌వైజర్‌ని అక్రెడిటేషన్ గురించి అడగమనండి, కుదిరితే మీరూ తనతో వెళ్లి ఒక గంట పక్కన కూర్చోండమ్మా.