రాక్షసులకు చావు లేదా అక్కా?

గత సంచికలో పెర్సీ జాక్సన్ పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. పిల్లలే రాస్తారనుకున్నాను. తీరా చూస్తే సగం ఉత్తరాలు అమ్మలవీ తాతయ్యలవీ!

ఆ పుస్తకాలు చదవని వాళ్ల కోసం రెండు మాటలు. అమెరికా రచయిత రిక్ రయర్డన్ 2005 నుంచి 2009 దాకా ఏడాదికొకటి చొప్పున రాసిన ఐదు నవలల వరస ఇది. ఆయన ఒకప్పుడు బడిలో టీచరు. చదవడం కష్టంగా ఉండే కొడుక్కి రాత్రిపూట చెప్పిన కథే పుస్తకమైంది. పాత గ్రీకు దేవుళ్లు ఇప్పటికీ బతికే ఉన్నారు, మకాం అమెరికాకి మార్చారు, న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ లిఫ్టు ఎక్కి 600వ అంతస్తుకి వెళ్తే ఒలింపస్. ఆ దేవుళ్లకి మనుషుల వల్ల పుట్టిన పిల్లలున్నారు, వాళ్ల వాసన పసిగట్టి రాక్షసులు వెంటపడుతుంటారు. పెర్సీ సముద్రదేవుడు పొసైడన్ కొడుకు, కథ మొదలయ్యేటప్పటికి పన్నెండేళ్లు. అంతే. చివరి ఉత్తరంలో కథ ముగింపు ఉంది, ఐదో పుస్తకం ఇంకా చదవని వాళ్లు దాని జోలికి పోకండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

*మా అబ్బాయి ఏడో తరగతి. అన్నం తింటూ కూడా ఈ పుస్తకాలే. మొన్న "అమ్మా, జూస్ అంటే మన ఇంద్రుడేనా?" అని అడిగాడు. దేవుళ్లు అలా కొట్టుకోవడం, కన్నపిల్లల్ని గాలికొదిలేయడం చదివి మన దేవుళ్లంటే కూడా గౌరవం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా? – ఒక తల్లి, కాకినాడ*

మాన్పించకండమ్మా. మీవాడు సరైన చోటే పట్టుకున్నాడు. జూస్ చేతిలో పిడుగు, ఇంద్రుడి చేతిలో వజ్రాయుధం. ఇద్దరూ దేవతలకి రాజులే, ఇద్దరికీ సింహాసనం ఎక్కడ కదులుతుందోనన్న బెంగే. మొదటి పుస్తకం కథంతా ఆ పిడుగు ఎవరు కొట్టేశారన్న గొడవే కదా. మరి మన ఇంద్రుడి మీద మనం ఎన్ని కథలు చెప్పుకోలేదు! సగరుడి యాగాశ్వాన్ని ఎత్తుకుపోయి కపిల మహర్షి దగ్గర కట్టేసిందెవరు? అహల్య కథ సరేసరి. ఎవరైనా నాలుగు రోజులు గట్టిగా తపస్సు చేస్తే చాలు, అప్సరసల్ని పంపేస్తాడు. ఇవన్నీ వింటూనే పెరిగాం, గుడికి వెళ్లడం మానలేదు.

నాకు కనిపించిన అసలు తేడా వేరే ఉంది. మన కథల్లో ఇంద్రుడికి చెయ్యి కాలితే దేవతలందరినీ వెంటేసుకుని పాలసముద్రం దగ్గరికి పరిగెడతాడు, అక్కడ విష్ణువు ఉన్నాడు. పెర్సీ లోకంలో ఉన్నది ఇంద్రసభ ఒక్కటే. వైకుంఠం లేదు, కైలాసం లేదు. ఆ సభలో కూర్చున్న పన్నెండు మందీ ఇంద్రుళ్లే. ఇక కష్టం వస్తే ఎవరి దగ్గరికి పోతారు? స్కూల్లో మార్కులు రాని పన్నెండేళ్ల పిల్లాడి దగ్గరికి! విష్ణువు చెయ్యాల్సిన పని వాడి నెత్తిన పడింది. మీవాడికి ఈ మాట చెప్పి చూడండి, ఏమంటాడో నాకు రాయండి.

*అక్కా, పెర్సీ రాక్షసుల్ని చంపుతాడు, వాళ్లు మళ్లీ వస్తారు. మరి చంపి ఏం లాభం? మన రక్తబీజుడి టైపా? – డిగ్రీ విద్యార్థి, వరంగల్*

రక్తబీజుడు కాదు తమ్ముడూ. వాడి నెత్తురు బొట్టు నేలమీద పడితే ఇంకోడు పుట్టేవాడు, కాళి ఆ నెత్తురు తాగేసింది కాబట్టి కథ కంచికి వెళ్లింది. ఇక్కడ లెక్క వేరు. కత్తి తగిలితే రాక్షసి పొడిపొడి అయిపోతుంది, టార్టరస్ అనే పాతాళానికి పోయి కొన్నాళ్లకో కొన్నేళ్లకో మళ్లీ ఒళ్లు పోసుకుని వస్తుంది. మొదటి పుస్తకంలో వానలో, కొండ మీద, పెర్సీ కొమ్ము విరిచి చంపిన ఎద్దుతల మినోటార్ ఐదో పుస్తకంలో వంతెన మీద మళ్లీ ఎదురొచ్చింది గుర్తుందా?

మనవాళ్లలో దీనికి దగ్గరగా వచ్చేది జయవిజయులు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. కానీ వాళ్లది మూడు జన్మల కాంట్రాక్టు, గడువు తీరగానే వైకుంఠం గేటు దగ్గర డ్యూటీలో చేరిపోయారు. మినోటార్‌కి ఆ గడువు లేదు. చావు లేదంటే మోక్షమూ లేదన్నమాట, పాపం, ఎన్ని వేల ఏళ్లయినా అదే ఎద్దుతల, అదే కోపం. చంపి లాభమేంటి అన్నావు కదా, టైం దొరుకుతుంది. పెర్సీకి కావలసింది అంతే, వచ్చే వేసవి సెలవుల దాకా బతికుండటం.

*మా పాపకి పదకొండేళ్లు. పెర్సీ కత్తి రాక్షసుల్ని చంపుతుంది, మామూలు మనుషులకి ఎందుకు తగలదు అని రోజూ నా ప్రాణం తీస్తోంది. మేం డాలస్‌లో ఉంటాం, ఇక్కడ పిల్లలందరిదీ ఇదే గోల. – ఒక తండ్రి*

ఆ కత్తి దివ్యమైన కంచుతో చేసింది. జేబులో ఉన్నంతసేపు బాల్‌పెన్, మూత తీస్తే కత్తి, పారేసినా మళ్లీ జేబులోకి వచ్చేస్తుంది. (మా మేనల్లుడు ఈ పుస్తకం చదివినప్పటి నుంచి మా ఇంట్లో ఒక్క పెన్నుకీ మూత లేదు. అవి మాత్రం ఎవరి జేబులోకీ తిరిగి రాలేదు.) కత్తి మనుషుల్ని చంపకపోవడానికి పెర్సీ గురువు కైరన్ చెప్పే కారణం కొంచెం గుచ్చుకుంటుంది: దాని లెక్కలో మామూలు మనిషి చంపదగినంత ముఖ్యుడు కాడట. సగం దేవుడైన పిల్లలకి మాత్రం రెండిందాలా ప్రమాదమే. కంచు కత్తికీ చస్తారు, మామూలు ఇనుప కత్తికీ చస్తారు.

మూడో పుస్తకంలో హూవర్ డ్యామ్ దగ్గర సీన్ పాపకి గుర్తుచెయ్యండి. శత్రువనుకుని పెర్సీ వెనక్కి తిరిగి కత్తి దూస్తే అది రేచెల్ అనే మామూలు అమ్మాయి ఒంట్లోంచి గాల్లోంచి దూసినట్టు వెళ్లిపోతుంది. ఆ పిల్ల అప్పుడు చేస్తున్నదల్లా ముక్కు చీదుకోవడం! ముక్కు చీదుకునే వాళ్లందరినీ ఇలాగే చంపుతావా అని గట్టిగా నిలదీస్తుంది కూడా. మనుషుల కళ్లకి మంచుతెర కప్పి దేవుళ్లూ రాక్షసులూ తిరుగుతుంటారు కదా, ఆ తెర ఈమె మీద పనిచేయదు. దేవుళ్ల రక్తం చుక్క లేకపోయినా అన్నీ కనిపిస్తాయి. ఆ వరసలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే.

*తొమ్మిదో తరగతి చెల్లికి ఈ కథ తెలుగులో చెబుతుంటే మాటలు దొరకడం లేదు. టైటాన్, మాన్‌స్టర్, డెమన్ అన్నిటికీ రాక్షసుడేనా? – హైదరాబాద్ నుంచి ఒక అక్క*

అన్నిటికీ రాక్షసుడు అంటే చెల్లి తికమకపడుతుంది. మన దగ్గర మాటలకేం కరువు! టైటాన్లు అంటే దేవుళ్లకంటే ముందు లోకాన్ని ఏలినవాళ్లు, జూస్ తండ్రి క్రోనస్ వాళ్ల నాయకుడు. మన అమరకోశంలో అసురులకి ఉన్న పర్యాయపదాల్లో 'పూర్వదేవులు' అని ఒకటుంది చూడు, టైటాన్లకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నోరు తిరక్కపోతే దైత్యులు అను. దితి పిల్లలు దైత్యులు, అదితి పిల్లలు దేవతలు, తండ్రి కశ్యపుడు ఒక్కడే, అంటే అదీ ఇంటి ఆస్తి తగాదానే, ఇదీ అంతే. మినోటార్, మెడూసా లాంటివాటికి రాక్షసి, భూతం చాలు. డెమన్ మాటకి మూలమైన గ్రీకు 'డైమోన్'కి మొదట్లో చెడ్డ అర్థమే లేదు, కనిపించని శక్తి అని అంతే. అసుర శబ్దం గతీ అలాగే అయింది, ఋగ్వేదంలో వరుణుణ్ణి కూడా అసురుడనే పొగిడారు.

నడుము దాకా మనిషి, కింద గుర్రం అయిన కైరన్‌ని కిన్నరుడు అనొచ్చా అని కూడా అడిగావు. అమరకోశం కిన్నరుణ్ణి 'తురంగవదనుడు' అంది, అంటే గుర్రపు ముఖం వాడు. కైరన్‌కి తల మనిషిదే. తలకిందులైంది గానీ, అనేసెయ్, కైరన్ ఏమీ అనుకోడు.

*లోటస్ హోటల్లో కొన్ని గంటలున్నామనుకుంటే బయట ఐదు రోజులు అయిపోవడం, నీకో అనే పిల్లాడైతే డెబ్బై ఏళ్లు అక్కడే ఉండి పెరగకపోవడం, ఇది మరీ టూ మచ్ కదా? – ఇంటర్ అమ్మాయి, గుంటూరు*

మన రైవత మహారాజు కథ ముందు ఇదెంత? కూతురు రేవతికి మంచి సంబంధం చెప్పమని బ్రహ్మ దగ్గరికి వెళ్లాడు, అక్కడ పాట కచేరీ జరుగుతోంది, మర్యాద కోసం అయ్యేదాకా ఆగాడు. ఆగినంతలో కింద భూలోకంలో 27 మహాయుగాలు గడిచిపోయాయని భాగవతం. ఈయన మనసులో రాసుకున్న పెళ్లికొడుకుల మనవలు కూడా మిగల్లేదు. చివరికి బలరాముడికిచ్చి చేశారు.

*మన పురాణాలతో ఇలాంటి పుస్తకాలు లేవా? – న్యూజెర్సీ నుంచి*

ఉన్నాయి. రోషనీ చోక్షి రాసిన అరు షా వరస 2018లో మొదలై ఐదు పుస్తకాలతో ముగిసింది, రయర్డన్ పేరు మీద నడిచే ప్రచురణలో వచ్చిన మొదటి పుస్తకం అదే. పాండవులు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుడతారు. అరు ఇంద్రుడి కూతురు, స్నేహితురాలు మినీ యమధర్మరాజు కూతురు. తోటి పిల్లల ముందు గొప్పకి పోయి వెలిగించకూడని దీపం వెలిగించడంతో మొదలవుతుంది. పన్నెండేళ్ల పిల్లలకి బాగుంటుంది, ఇంట్లో భారతం వినిపించి ఉంటే ఇంకా బాగుంటుంది.

*అమ్మాయీ, మనవడు సెలవులకి వచ్చి వదిలేసి వెళ్లిన ఐదు పుస్తకాలూ చదివాను. అందరూ పెర్సీ పెర్సీ అంటారు గానీ, నా ఓటు లూక్‌కే. వాడు కర్ణుడు. తండ్రి దేవుడై ఉండి పట్టించుకోలేదు, ఆదరించిన వాడి పక్షాన చేరాడు, చచ్చాడు. ఏమంటావు? – విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం*

మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. హెర్మీస్ కొడుకు లూక్, దేవుళ్ల మీద కసితో క్రోనస్ వైపు వెళ్లాడు, చివరికి తన ఒళ్లే వాడికి అప్పగించాడు. ఒంటికి ఆయుధం తగలకుండా పాతాళంలోని స్టిక్స్ నదిలో మునగడం కూడా కవచకుండలాల్లాంటిదే, ఎడమ చంక కింద ఒక్క చోటు తప్ప. అక్కడిదాకా మీ మాటే.

కానీ క్రోనస్ దుర్యోధనుడు కాడు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఎన్ని తప్పులున్నా ఆ స్నేహం నిజం. క్రోనస్ లూక్‌ని తొడుక్కునే చొక్కాలా వాడుకున్నాడు. ఇంకో సంగతి, ఇంద్రుడు బ్రాహ్మడి వేషంలో వస్తున్నాడు జాగ్రత్త అని సూర్యుడు కర్ణుడి కలలోకైనా వచ్చి చెప్పాడు. హెర్మీస్‌కి కొడుకు గతి ముందే తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. ఈ లెక్కన లూక్ పరిస్థితే హీనం.

అమ్మ విషయం చూడండి. కుంతి బిడ్డని పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. లూక్ తల్లి వదల్లేదు, ఆమెకి మతి చెడింది, ఇంట్లోంచి పారిపోయింది కొడుకే. ఐదో పుస్తకంలో పెర్సీ ఆ ఇంటికి వెళ్తాడు కదా. కొడుకు ఇవాళ వస్తాడని రోజూ బిస్కెట్లు చేస్తుంది, మాడబెడుతుంది, శాండ్‌విచ్‌లు చేసి పొట్లాలు కట్టి పెడుతుంది, అవి అలా ఏళ్ల తరబడి ఇంటినిండా పేరుకుపోయి కుళ్లిపోతున్నాయి. యుద్ధాలన్నీ గబగబా తిప్పేశాను గానీ ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఇక ముగింపు. ఆఖరి క్షణంలో పెర్సీ తను పొడవకుండా కత్తి లూక్ చేతికే ఇస్తాడు, లూక్ తన ఆయువుపట్టు మీద తనే పొడుచుకుని క్రోనస్‌ని ఆపుతాడు. గెలిచాక దేవుళ్లు పెర్సీకి అమరత్వం ఇస్తామంటారు. వద్దంటాడు. దానికి బదులు స్టిక్స్ నది సాక్షిగా వాళ్ల చేత ఒట్టు వేయిస్తాడు, ఇకమీదట ఏ దేవుడూ తన బిడ్డని పదమూడేళ్లు దాటేలోపు నా బిడ్డ అని చెప్పకుండా ఉండకూడదని. అంటే లూక్ జీవితమంతా అడిగిందే వాడు పోయాక పెర్సీ అడిగి తీసుకున్నాడు.

మన దగ్గర కూడా యుద్ధం అయ్యాకే కదా మాస్టారూ, కర్ణుడు మీ అన్నయ్య అని కుంతి బయటపెట్టింది. ధర్మరాజు ఏం చేశాడు? ఇకమీదట ఆడవాళ్ల కడుపులో రహస్యం దాగకూడదు పొమ్మని శపించాడు. కన్న తండ్రి సూర్యుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. మన నోట్లో నువ్వుగింజ నానదని ఇప్పటికీ వెక్కిరించేది ఆ శాపం చలవేనట!

పై సంచికకి ఉత్తరం రాయండి, కర్ణుడి మీద నేను రెడీగా ఉంటాను.