అంకె పక్కన రాయాల్సిన మాట

చిరంజీవి తమ్ముడికి,

నీ చిత్తుప్రతి రాత్రి ఒకసారి, పొద్దున్నే మరోసారి చదివాను. ఉపగ్రహం కొలిచిన మేఘాల వివరాలు, భూమి నుంచి వెళ్లే రేడియేషన్ లెక్కలు ఎంతవరకు నమ్మొచ్చో వాడుకునేవాళ్లకు చెప్పే నాణ్యతా పత్రం అది. ఇలాంటివి రాసేవాళ్లను లోకం రచయితలనదు. సగం జీవితం ఈ పత్రాలతోనే గడిపినదాన్ని కాబట్టి, "అక్కయ్యా, నా రాత ఎలా ఉంది?" అని నువ్వడిగితే నాకు ముచ్చటేసింది. ముచ్చట పక్కన పెట్టి అసలు మాట చెబుతాను.

మొదటి పేజీలో "ఈ డేటా అత్యున్నత నాణ్యత గలది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. దేనికి నాణ్యమైందో చెప్పకుండా ఆ మాటకు అర్థమే లేదు.

నీకు బాగా తెలిసిన సెరెస్ పరికరాన్నే తీసుకో. 1997లో ట్రిమ్ ఉపగ్రహం మీద మొదలై, తర్వాత టెర్రా, ఆక్వా, సుయోమి ఎన్‌పీపీ, నోవా-20ల మీద ఎగిరింది. సూర్యకాంతిలో భూమి తిప్పికొట్టే భాగాన్ని అది సుమారు ఒక శాతం తేడాతోనూ, భూమి వెదజల్లే వేడిని అర శాతం తేడాతోనూ కొలుస్తుంది. వింటే అబ్బో అనిపిస్తుంది. కానీ భూమి తిప్పికొట్టేది చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు, వేడిగా వదిలేది సుమారు 240 వాట్లు. అంటే రెండు చోట్లా ఒక్కో వాట్ అటూ ఇటూ. భూమి ఏటా లోపల దాచుకుంటున్న అదనపు శక్తి ఎంతనుకున్నావు? సగటున చదరపు మీటరుకు సుమారు ఒక వాట్, అంతే. పట్టుకోవాల్సిన చేప కన్నా వల కన్నం పెద్దదన్నమాట.

అలాగని ఆ డేటా పనికిరాదా? ఈ ఏటికీ పదేళ్ల కిందటికీ తేడా ఎంత అని అడిగితే అదే పరికరం చక్కగా చెబుతుంది. గడియారం అయిదు నిమిషాలు ముందున్నా, రోజూ అదే అయిదు నిమిషాలు ముందుంటే ప్రయాణానికి ఎంతసేపు పట్టిందో సరిగ్గానే తెలుస్తుంది కదా. మొత్తం ఎంత అన్న ప్రశ్నకు బోల్తా పడే డేటా, ఎంత మారింది అన్న ప్రశ్నకు నిలబడుతుంది. నీ పత్రంలో ఈ రెంటినీ కలిపి "కచ్చితత్వం: 1 శాతం" అని ఒకే గడిలో పెట్టావు. విడదియ్యి.

ఇక్కడే ఇంకో చిక్కుంది, దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. వచ్చే సూర్యశక్తిలోంచి, తిరిగి వెళ్లేవి రెండూ తీసేస్తే సెరెస్ ముడి లెక్కల్లో 4 వాట్లకు పైగా మిగులు తేలుతుంది. అంత మిగిలితే సముద్రాలు ఇప్పుడు వేడెక్కుతున్న దానికి ఎన్నో రెట్లు వేడెక్కాలి. సముద్రాల్లో 2,000 మీటర్ల లోతుదాకా మునిగి తేలే ఆర్గో ఫ్లోట్‌లు ఆ వేడిని నేరుగా కొలుస్తున్నాయి. వాటి లెక్కతో వచ్చేది 0.7 వాట్ల దగ్గర. అందుకని సెరెస్ లెక్కలతోనే తయారుచేసిన ఈబాఫ్ అనే డేటాసెట్‌లో, పరికరం దోషానికి ఒప్పుకున్న హద్దుల్లోపలే అంకెలను కాస్త జరిపి, సగటు మిగులును సముద్రం చెప్పిన దానికి సరిపెట్టారు.

మొదటిసారి వింటే ఇది మసిపూసి మారేడుకాయ చేసినట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. కాదు. ఎందుకంటే చేసిన పనిని దాచలేదు, పత్రంలో రాశారు. కాబట్టి చదివినవాడికి హద్దు తెలుస్తుంది: ఈబాఫ్ చూపించి "భూమి సగటు మిగులు ఎంతో ఉపగ్రహమే సొంతంగా కనిపెట్టింది" అనకూడదు, ఆ సగటు సముద్రం దగ్గర తెచ్చుకున్న అప్పు. ఏటేటా వచ్చే మార్పు మాత్రం ఉపగ్రహం సొంత సంపాదన. నువ్వు "అంకెలను సముచితంగా సర్దుబాటు చేశారు" అని ఊరుకున్నావు. ఎవరు, దేనికి సరిపోయేలా, ఎంత జరిపారు? సర్దుబాటు అన్న మాట రాసినప్పుడల్లా ఈ మూడూ పక్కనే ఉండాలి.

రెండో పేజీకి వద్దాం. "సెరెస్ ఫ్లక్స్‌ను కొలుస్తుంది" అన్నావు. ఫ్లక్స్ అంటే ఒక చోటునుంచి అన్ని దిక్కులకూ వెళ్లే మొత్తం శక్తి, దాన్ని కొలవదు తమ్ముడూ. ఒక దిక్కునుంచి తన కంట్లో పడ్డ కాంతిని మాత్రమే కొలుస్తుంది. ఆ చోటునుంచి మిగతా దిక్కులన్నిటికీ ఎంత వెళ్లి ఉంటుందో నమూనాతో ఊహించి లెక్క కడతారు. పలచటి మేఘం మీద ఒక నమూనా, మందపాటి మేఘం మీద ఇంకొకటి, మంచు మీద మరొకటి. ఆ చోట ఉన్నది ఏ మేఘమో చెప్పేది పక్కనున్న మోడిస్ లాంటి ఇమేజర్, అంటే బొమ్మలు తీసే పరికరం. సరిగ్గా కిందికి చూసినప్పుడే సెరెస్ ఒక్కో చూపులో సుమారు 20 కిలోమీటర్ల నేల పడుతుంది, ఆ ముక్కలో రకరకాల మేఘాలు కలిసి ఉండొచ్చు. మేఘం గుర్తింపులో తప్పు జరిగితే అది రేడియేషన్ అంకెలోకి పాకుతుంది. తిలా పాపం తలా పిడికెడు. ఈ తప్పులు చాలావరకు అటూ ఇటూ పోయి నెల సగటులో చల్లారిపోతాయి, కానీ ఒక్క క్షణానికి ఒక్క చోట తీసిన విలువలో పెద్దవిగానే ఉంటాయి. నెల సగటుకు ఇచ్చిన దోషాన్ని చూసి, ఎవరో ఒక తుఫాను మీద ఒకే ఒక్క చూపును నమ్ముకుని వ్యాసం రాస్తే, ఆ పాపంలో నీకూ వాటా ఉంటుంది. రెండు అంకెలూ వేర్వేరుగా ఇవ్వు.

మేఘాల భాగం మాత్రం బాగా రాశావు. పలచటి సిర్రస్ మేఘాలు తప్పిపోతాయని, మంచు మీద తెల్లటి మేఘాన్ని విడదీయడం కష్టమని, ధ్రువాల దీర్ఘరాత్రిలో కంటికి కనిపించే కాంతి లేక పరారుణ చానెళ్లే దిక్కని, ఒక మేఘం మీద ఇంకోటి ఉంటే రెంటినీ ఒకే మేఘంగా తీసుకుంటే ఎత్తు మధ్యలో ఎక్కడో తేలుతుందని, అన్నీ చెప్పావు. ఒక్కటే లోటు. తప్పు జరుగుతుందన్నావు గానీ ఎటువైపు జరుగుతుందో చెప్పలేదు. తక్కువ చూపిస్తుందా, ఎక్కువ చూపిస్తుందా? దిశ తెలిస్తే వాడుకునేవాడు తన ఫలితాన్ని తనే అనుమానించగలడు. తెలియకపోతే "లోపాలు ఉన్నాయట" అని తలూపి ముందుకు పోతాడు.

2023లో పని ఆపేసిన కాలిప్సో ఉపగ్రహం మీది లైడార్‌తో పోల్చిన బొమ్మ కింద "మన ఫలితాలు 'సరైన' విలువ కన్నా తక్కువ" అని రాశావు. లైడార్ కాంతి పల్స్ పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది, ఇమేజర్ కంటికి ఆనని పొర కూడా దానికి మేఘమే. కానీ అది చూసేది ఉపగ్రహం కింద సన్నటి గీత మాత్రమే, పైగా మందపాటి మేఘంలోకి కాస్త వెళ్లేసరికి దాని కాంతి అయిపోతుంది. ఒకరిది సరైనది, ఇంకొకరిది తప్పు అనే ముందు, మేఘం అని ఎవరు దేన్ని అంటున్నారో రాయి. "నిర్మలాకాశం" అన్న మాటా అంతే. ఉపగ్రహానికి అది నిజంగా మేఘం లేని చోట్ల సగటు. వాతావరణ నమూనాలు నడిపేవాళ్లకు అది ప్రతి చోటా మేఘాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది. మబ్బు లేని రోజు గాలిలో తేమా వేరుగా ఉంటుంది, కాబట్టి ఈ రెండు సగటులు ఒకటి కావు. ఈ తేడా తెలియక చేసిన పోలికలు నేను చాలానే చూశాను.

నీ పత్రంలో నాకు అసలు కనిపించనిది కాలం. పరికరం ముసలిదవుతుంది, కక్ష్య జారుతుంది, అద్దం మసకబారుతుంది. 1984లో వెళ్లిన ఈఆర్‌బీఎస్ ఉపగ్రహం కథ విను. దాని సెన్సర్‌లలో ఒక రకం భూమి పళ్లేన్నంతా ఒకేసారి చూసేది. పదిహేనేళ్లలో ఉపగ్రహం 611 కిలోమీటర్ల ఎత్తునుంచి 585కు దిగింది. దగ్గరికొస్తే భూమి కాస్త పెద్దగా కనిపిస్తుంది, కొలత దాదాపు ముప్పావు శాతం పెరుగుతుంది. 2002లో వచ్చిన లెక్క ప్రకారం ఉష్ణమండలాల నుంచి వెళ్లే వేడి 1980ల కన్నా 1990లలో 3 వాట్ల చిల్లర పెరిగింది. ఎత్తు దిద్దుబాటు, సెన్సర్ మీది గుమ్మటం పాతబడినందుకు మరో దిద్దుబాటు చేశాక, 2006 నాటికి అది ఒక వాట్ కన్నా తక్కువకు దిగింది.

నా సంగతీ చెప్పాలి, నవ్వకు. టెర్రా డేటాలో రాత్రిపూట ధ్రువాల మేఘాలు 2016 నుంచి మారిపోయాయని ఒకప్పుడు ఉత్సాహంగా పది పేజీలు రాశాను. ఆ ఫిబ్రవరిలో టెర్రా సేఫ్ మోడ్‌లోకి, అంటే ఏదో తేడా వచ్చి మామూలు పనులు ఆపేసే స్థితిలోకి, వెళ్లిందనీ, ఆ తర్వాత మోడిస్ పరారుణ చానెళ్లలో కొన్నిటికి ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి కారడం ఎక్కువైందనీ, రాత్రి మేఘాల గుర్తింపు దానివల్ల చెడిందనీ నాకు తెలియదు. తెలియదు అనడం కూడా అబద్ధమే, చదవలేదు. పంపడానికి ముందు రోజు ఒక సహోద్యోగి అడిగింది: "ఆక్వాలో కూడా ఇలాగే ఉందా?" లేదు. పది పేజీలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. అందుకే అంటున్నాను, నీ పత్రంలో ఒక తేదీల పట్టిక ఉండాలి. ఏ రోజు ఏం జరిగింది, ఏ విలువ మీద దాని నీడ పడింది. టెర్రా, ఆక్వా కక్ష్యలను పట్టి ఉంచడం ఆపేశాక భూమధ్యరేఖను దాటే వేళ జరుగుతూ వస్తోంది, అదీ అందులో చేర్చు. పొద్దున 10:30కి చూసే ఉపగ్రహం అంతకన్నా ముందే చూడటం మొదలుపెడితే దానికి కనిపించే మేఘాలూ వేరే.

ఈ పత్రాలు ఎవరు చదువుతారులే అని నీ ఉత్తరం చివర రాశావు. టెర్రా, ఆక్వాల తొలి ఏళ్లలో సెరెస్ కంటి మీద పేరుకున్న మురికి అతినీలలోహిత కాంతికి నల్లబడి, సూర్యకాంతి కొలత మెల్లగా తగ్గుతూ వచ్చింది. అది తేలేసరికే ఎడిషన్ 2 డేటా అందరి చేతుల్లో ఉంది. మొత్తం మళ్లీ తయారుచేసేలోపు, ఎవరికి వాళ్లే గుణించుకోమని గుణకాల పట్టిక ఇచ్చారు. ఆ పట్టిక ఉన్నది నాణ్యతా పత్రంలోనే. పేజీ చదివినవాళ్ల దగ్గర ఒక డేటా, చదవనివాళ్ల దగ్గర ఇంకో డేటా, ఫైళ్లు మాత్రం అవే.

భాష గురించి రెండు మాటలు. "తగిన జాగ్రత్తతో వాడవలెను" అని అయిదు చోట్ల రాశావు. ఏ జాగ్రత్త? "సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు తీసిన మేఘ మందాన్ని ట్రెండ్ లెక్కలకు వాడొద్దు" అని సూటిగా చెప్పు. వద్దు అనాల్సిన చోట వద్దు అను, మొహమాటపడకు. డేటా లేని గడుల్లో 3.4028235ను పది టు ది పవర్ 38తో గుణిస్తే వచ్చే అంకె పెట్టి నింపుతారని కూడా మొదటి పేజీలోనే రాయి. కొత్తవాళ్లు దాన్ని కూడా కలిపి సగటు తీస్తారు, భూమి కాస్తా నక్షత్రాన్ని మించి వెలుగుతుంది, ఇక టెన్షన్.

మూడో పేజీ పట్టికలో మేఘాల ప్రభావం అన్నచోట గుర్తులు తారుమారయ్యాయి, చూసుకో. మేఘాలు కాంతిని తిప్పికొట్టి చల్లబరిచేది సుమారు 45 వాట్లు, అది మైనస్. వేడిని పట్టి ఉంచేది 28 దగ్గర, అది ప్లస్. దిద్ది, తేదీల పట్టిక చేర్చి ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
నీ అక్కయ్య