పట్టీ కట్టిన చేత్తోనే బల్బు నొక్కకండి

మీ బీపీ మీరే కొలుచుకుంటూ, ఒక చేత్తో స్టెతస్కోపు పట్టుకుని, పట్టీ చుట్టిన చేత్తోనే బల్బు నొక్కుతున్నారనీ, పై అంకె ఒకసారి 118, వెంటనే 138 వస్తోందనీ రాశారు. అలా పిడికిలి బిగించినప్పుడల్లా కండరం బిగుసుకుని పీడనం పెరుగుతుంది కనుక, లోపం పరికరానిది కాకపోవచ్చు. స్టెతస్కోపు బిళ్ళను మోచేతి మడతలో లోపలివైపు మెత్తని టేపుతో అంటించి, చేతిని గుండె ఎత్తులో బల్లపై వదులుగా ఆనించి, అయిదు నిమిషాలు కూర్చున్నాక రెండో చేత్తో గాలి ఎక్కించండి. మామూలుగా వచ్చే పై అంకెకు మరో 30 పైదాకా వెళ్ళి, గాలి వదులుతూ ముల్లును సెకనుకు 2 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) చొప్పున దించండి. తొందరపడితే తొలి టక్‌టక్ శబ్దం వినబడేలోపే ముల్లు జారిపోతుంది, ఇది నిజంగా ముఖ్యం. ఆ తొలి శబ్దం వినబడిన చోటు పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. మళ్ళీ కొలిచే ముందు గాలంతా తీసి ఒక నిమిషం ఆగండి.