సప్తగిరి, ప్రగతి ఒకటయ్యాయి... నాన్నగారి ఎఫ్‌డీలు ఏం చేయాలి?

ప్రశ్న: మాది కదిరి. నాన్నగారికి 70 ఏళ్లు. మదనపల్లెలో సప్తగిరి గ్రామీణ బ్యాంకులో 4 లక్షలు, మా ఊళ్లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో 3.5 లక్షలు ఆయన పేరునే ఎఫ్‌డీ వేశారు. ఇప్పుడు రెండుచోట్లా ఒకటే బోర్డు. కాగితం వాడకం తగ్గిస్తే పర్యావరణానికి మంచిదని, యాప్ పెట్టుకోమని అంటున్నారు. పేరే మారిన బ్యాంకును నమ్మొచ్చా? డబ్బు తీసేయాలా?

జవాబు: పేరు మారిందని తీయక్కర్లేదు. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. వాటా కేంద్రానికి 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుకు (అంటే గ్రామీణ బ్యాంకుకు అండగా ఉండే పెద్ద బ్యాంకుకు) 35, రాష్ట్రానికి 15. ఇది ముందూ అంతే.

మీరు అడగని విషయం ఒకటుంది, అసలు చూడాల్సింది అదే. బ్యాంకు మునిగితే మన సొమ్ముకు దొరికే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు, ఒక్కో మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షలే. నిన్నటిదాకా రెండు బ్యాంకులు కాబట్టి మొత్తం సొమ్ముకూ రక్షణ ఉండేది. ఇప్పుడు ఒకే బ్యాంకు. రెండున్నర లక్షలు, దానిమీద వడ్డీ బీమా బయట ఉన్నాయి. ప్రభుత్వ బ్యాంకు మునిగే అవకాశం చాలా తక్కువే. అయినా ఖర్చులేని జాగ్రత్తను ఎందుకు వదులుకోవాలి? మధ్యలో రద్దు చేస్తే వడ్డీ తగ్గుతుంది. గడువు తీరాక ఒక ఎఫ్‌డీని వేరే బ్యాంకులో వేయండి, లేదా అమ్మగారితో కలిపి జాయింటుగా వేయండి. జాయింటుకు బీమా విడిగా లెక్కిస్తారు.

ఇక పర్యావరణం మాట. కాగితం తగ్గితే బ్యాంకుకు ఖర్చు తగ్గుతుంది, మంచిదే. దాన్నిబట్టి బ్యాంకు గట్టిదని మాత్రం అనుకోవద్దు. 2023లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన గ్రీన్ డిపాజిట్ల (పర్యావరణానికి మేలు చేసే పనులకు వాడే డిపాజిట్ల) నిబంధనల్లో గ్రామీణ బ్యాంకులు లేవు. కౌంటర్లో ఎవరైనా ఆ పేరు చెప్పి ఎఫ్‌డీ వేయమంటే, ఏ నిబంధన కిందో అడగండి.

నాకు పట్టింపు ఉన్నది డిజిటల్ సేవ ఆగకుండా నడవడం మీద. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే టెక్నాలజీ సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు అడిగే సైబర్ దాడి) జరిగితే, దాని మీద ఆధారపడ్డ చాలా చిన్న బ్యాంకుల్లో యూపీఐ, ఏటీఎం సేవలు ఆగిపోయాయి. సేవలు త్వరగానే తిరిగొచ్చాయి. కానీ ఆరోజే ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే ఎంత టెన్షన్! రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పోస్టాఫీసులోనో వేరే బ్యాంకులోనో ఉంచండి.

యాప్ పెట్టించండి, యూపీఐ రోజువారీ పరిమితి మాత్రం తగ్గించండి. ఈసారి ఊరెళ్లినప్పుడు రెండు రసీదులూ శాఖకు తీసుకెళ్లి, కొత్త రికార్డుల్లో నామినీ పేరు, ఫోన్ నంబరు సరిగా ఎక్కాయో లేదో చూసుకోండి.