ఆ కవర్లు తెరువు, చిట్టీ

చిట్టీ,

నిన్న పొద్దున మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి ఫ్రిస్కోలో డేకేర్ పెడుతున్నావని చెప్పగానే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మన ఇంటి ఆడపిల్లల్లో ఇంతవరకూ ఎవరూ సొంతంగా ఒక చిన్న కొట్టు కూడా పెట్టలేదు. నేను అమెరికా వచ్చే ముందు, నీకు ఐదేళ్ళు కూడా నిండలేదు, వీధిలో పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి పలక చూపిస్తూ అ ఆ లు చెప్పేదానివి. ఆ పిల్లే ఇప్పుడు పాతికమంది పసివాళ్ళను చూసుకునే చోటు నడపబోతోంది. మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకునేవారు.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పోయినేడాది నువ్వు 1099 మీద, అంటే టాక్స్ కోయకుండా డబ్బిచ్చే పద్ధతిలో, చేసిన కాంట్రాక్టుకి టాక్స్ 12,000 డాలర్లు బాకీ ఉందట, టాక్సులు వసూలు చేసే ఐఆర్ఎస్ నుంచి ఉత్తరాలు వస్తున్నాయట. ఆవిడ కంగారు పడితే నువ్వు, "నా క్రెడిట్ స్కోరు 790 ఉందమ్మా, టాక్స్ లీన్లు ఇప్పుడు క్రెడిట్ రిపోర్టులో రావు, లోన్‌కి ఏం కాదు" అన్నావట. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో రెండు ముక్కలు పెడితే సరిపోదని ఇలా కూర్చుని రాస్తున్నాను.

నువ్వన్నదాంట్లో సగం నిజం. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఈ మూడు క్రెడిట్ రిపోర్టు కంపెనీలూ 2017 జూలైలో చాలా లీన్లు, అంటే టాక్స్ బాకీకి ఆస్తి మీద ప్రభుత్వం పెట్టుకునే హక్కులు, తమ రిపోర్టుల్లోంచి తీసేశాయి, 2018 ఏప్రిల్‌కల్లా మిగిలినవీ తీసేశాయి. కౌంటీ రికార్డుల్లో పేరూ అడ్రసూ తప్ప సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టినతేదీ సరిగ్గా ఉండేవి కావు. ఒకరి బాకీ ఇంకొకరి రిపోర్టులో పడేది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు మన వాళ్ళల్లో ఎంతమంది ఉంటారో నీకు తెలుసు కదా. అలా తీసేయడం మంచిదే అయింది. ఇవాళ నీ మీద లీన్ పడినా నీ 790 అలాగే ఉంటుంది.

స్కోరు అలాగే ఉంటుంది, లీన్ కూడా అలాగే ఉంటుంది. మన ఊళ్ళో పొలం కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తారు గుర్తుందా? అమ్మేవాడు ఎంత పెద్దమనిషైనా ఈసీ చూడకుండా మీ తాతయ్య అడ్వాన్సు ఇచ్చేవారు కాదు. ఇక్కడ బ్యాంకులు చేసేదీ అదే. ఐఆర్ఎస్ లీన్ నోటీసు కౌంటీ క్లర్క్ ఆఫీసులో నమోదవుతుంది, అది ఎవరైనా చూడగలిగే రికార్డు. ఇల్లు కొంటే ఆస్తి హక్కులు పరిశీలించే టైటిల్ కంపెనీ వెతుకుతుంది. వ్యాపార లోన్‌కి వెళితే బ్యాంకు లీన్ల రికార్డులు విడిగా తెప్పించుకుంటుంది, నీ చేత 4506-సి అనే కాగితం మీద సంతకం పెట్టించుకుని నేరుగా ఐఆర్ఎస్ నుంచే నీ టాక్స్ వివరాలు తీసుకుంటుంది. నువ్వు వెళ్ళేది చిన్న వ్యాపారాలకిచ్చే ఎస్‌బీఏ లోన్‌కి. ప్రభుత్వం హామీ ఉండే లోన్ అడుగుతూ ప్రభుత్వానికే బాకీ ఉన్నావని తేలితే వాళ్ళు ముందుకు కదలరు.

లీన్ అంటే జప్తు కాదు, భయపడకు. నీ జీతమో బ్యాంకు డబ్బో పట్టుకుపోవడాన్ని లెవీ అంటారు, అది తర్వాతి మెట్టు. లీన్ అంటే నీకున్న ప్రతి ఆస్తి మీదా, ఇకముందు సంపాదించబోయే వాటి మీద కూడా, ప్రభుత్వానికి హక్కు ఉండటం. బిల్లు పంపి కట్టమని అడిగాక పది రోజుల్లో కట్టకపోతే ఆ హక్కు దానంతట అదే పుడుతుంది. దాన్ని రికార్డులో పెట్టి లోకానికి చెప్పడం తర్వాత జరుగుతుంది. నీ విషయంలో ఆ రెండోది ఇంకా జరగలేదనే నా ఆశ. మామూలుగా మొత్తం బాకీ 10,000 డాలర్లు దాటితేనే నోటీసు నమోదు చేస్తారు. నీది ఆ గీత దాటి ఉంది. అందుకే నాకు ఇంత తొందర.

ఇప్పుడు నేను చెప్పబోయేది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

మీ పెదనాన్న 2007లో ఉద్యోగం వదిలి నీలాగే 1099 మీద చేశారు. మొదట్లో చేతికి ఎక్కువ డబ్బు వచ్చేది. అందులో టాక్స్ కోయరు కాబట్టే ఎక్కువ వస్తోందని మాకు తెలుసు, కానీ మూణ్ణెల్లకోసారి కట్టాల్సింది వాయిదా వేస్తూ పోయాం. 2008 నవంబర్‌లో కాంట్రాక్టు ఆగిపోయింది. ఆ చలికాలం ఎడిసన్‌లో మాకు తెలిసిన ఇళ్ళల్లో సగం ఇళ్ళల్లో మగవాళ్ళు పగలు ఇంట్లోనే ఉండేవాళ్ళు. 2009 ఏప్రిల్‌లో రిటర్న్ మాత్రం టైముకే ఫైల్ చేశాం, 14,000 డాలర్లు కట్టాలని తేలింది. చేతిలో రెండు నెలల అద్దె డబ్బులు కూడా లేవు.

జూన్‌లో మొదటి ఉత్తరం వచ్చింది. పోస్టు తీసేది నేనే. ఆయన రాత్రి మూడింటిదాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగాలకి అప్లై చేసేవారు, బీపీ మాత్ర డోసు పెంచారు, అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచేవారు. ఆ కాగితం ఆయన చేతికిస్తే ఏమవుతుందోనని భయం వేసింది. ఉద్యోగం వచ్చాక చెబుదాంలే అని దేవుడి మందిరం కింద సొరుగులో పెట్టాను. తర్వాత ఇంకోటి వచ్చింది. అదీ అక్కడే. మూడోదాన్నుంచి తెరవడం కూడా మానేశాను. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ సొరుగు నా మోకాళ్ళకి తగులుతూనే ఉండేది.

ఆయనకి 2010 ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చింది. అప్పుడు చెప్పాల్సింది. కానీ అప్పటికి ఎనిమిది నెలలు దాచాను, ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ వేసవిలో ఒకరోజు పోస్టుమాన్ తలుపు కొట్టి సంతకం పెట్టించుకుని ఒక కవరు ఇచ్చాడు. అదే లీన్ నమోదు చేశామని చెప్పే ఉత్తరం. అందులో ముప్పై రోజుల్లో విచారణ అడగవచ్చని రాసి ఉంది, ఒక్క ఫారం నింపి పంపితే చాలు. నేను చదివితే కదా.

2011 జూలైలో మా అమ్మాయి, మీ అక్క కాలేజీ. తనకి బోస్టన్ వైపు సీటు వచ్చింది, దుప్పట్లు, దిండ్లు కూడా కొనేసుకుంది. తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్‌కి పెదనాన్న కంప్యూటర్‌లో అప్లై చేశారు. కొద్ది నిమిషాల్లో కాదని వచ్చింది. ఐదేళ్ళలోపు టాక్స్ లీన్ ఉంటే ఆ లోన్ ఇవ్వరు. నా పేరు మీద చేస్తే అదే జవాబు, ఎందుకంటే మేం జాయింట్‌గా ఫైల్ చేశాం, బాకీ ఇద్దరిదీ. ఆయన, "ఎవరిదో మనకి పడింది, ఫోన్ చేసి తీయిద్దాం" అని నవ్వుతూ అన్నారు. నేను సొరుగు లాగి కవర్లన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తేదీల ప్రకారం పేర్చి, ఒక్కొక్కటీ చించి, రాత్రి రెండింటిదాకా చదివారు. వడ్డీ, పెనాల్టీలు కలిపి బాకీ 17,000 దాటింది. చివరికి, "ఉద్యోగం వచ్చిన నెలలో చెప్పి ఉంటే నెలకి మూడొందలు కట్టుకుంటూ పోయేవాళ్ళం కదే" అన్నారు, అంతే. మెట్ల మీద కూర్చుని మీ అక్క అంతా వింది. మర్నాడు పొద్దున తనే వచ్చి, కౌంటీ కాలేజీలో రెండేళ్ళు చదివి తర్వాత మారతానమ్మా అంది. చదువుకుంది, ఇవాళ ఫార్మసిస్టుగా బాగుంది, ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తను అడిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ దుప్పట్లు ఇంకా ప్యాకింగ్‌తోనే అటక మీద ఉన్నాయి.

అందుకే నిన్ను ముందు ఇది అడుగుతున్నాను, కోప్పడకు. ఆ ఉత్తరాల సంగతి మీ ఆయనకి తెలుసా? మీ అమ్మకి చెప్పావు సరే, ఇంట్లో చెప్పావా? చెప్పకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది చెయ్యి. మీరూ జాయింట్‌గానే ఫైల్ చేస్తారు.

ఇక చెయ్యాల్సినవి. డేకేర్ అడ్వాన్సు కోసం దాచినదాంట్లోంచి కొంత తీసి, పెనాల్టీ వడ్డీతో కలిపి బాకీ మొత్తం 10,000 కిందకి దిగేలా ఈ వారమే కట్టు. మిగిలినదానికి ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోనే వాయిదాలు పెట్టుకో. 50,000 లోపు బాకీకి అక్కడే అయిపోతుంది, మనిషితో మాట్లాడక్కర్లేదు. బ్యాంకు అకౌంట్ నుంచి నెలనెలా వాళ్ళే తీసుకునే పద్ధతి ఎంచుకో. టైముకి ఫైల్ చేసినవాళ్ళకి వాయిదాల్లో ఉన్నంతకాలం నెలకి అర శాతం పెనాల్టీ పావు శాతం అవుతుంది. వాయిదా పెట్టుకున్నాక బ్యాంకు మేనేజరుకి నువ్వే చెప్పు, ఆ ఒప్పందం, కట్టిన రసీదులు చూపించు. వాళ్ళు వెతికి పట్టుకోవడం వేరు, నువ్వు చెప్పడం వేరు.

ఒకవేళ లీన్ ఇప్పటికే నమోదై ఉంటే, రెండు మాటలు గుర్తుపెట్టుకో: విడుదల, ఉపసంహరణ. మేం మీ మామయ్య దగ్గర చేబదులు తీసుకుని 2013లో మొత్తం కట్టేశాం. కట్టిన ముప్పై రోజుల్లో విడుదల కాగితం ఇవ్వాలి, ఇచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాం. ఆ నెలలోనే కారు లోన్‌కి వెళితే క్రెడిట్ రిపోర్టులో 'చెల్లించిన టాక్స్ లీన్' అని కనిపించింది, అది అప్పట్లో ఏడేళ్ళు ఉండేది. గుళ్ళో పరిచయమైన ఒకావిడ టాక్స్ పని చేసేది, ఫారం 12277 సంగతి ఆవిడ చెబితే తెలిసింది. ఆ నోటీసు అసలు పెట్టనట్టుగానే వెనక్కి తీసుకోమని అడిగే ఫారం అది, ఉపసంహరణ అంటే అదే. పంపాం, ఒప్పుకున్నారు. ఇప్పుడు బాకీ 25,000 లోపు ఉండి, బ్యాంకు నుంచి నేరుగా వెళ్ళే వాయిదాలు వరుసగా మూడు కట్టేసినా అడగవచ్చు. రిపోర్టులో రాని ఈ రోజుల్లో కూడా ఆ కాగితం బ్యాంకువాళ్ళ ముందు పెట్టడానికి పనికొస్తుంది. 2015లో ఈ ఇల్లు కొన్నప్పుడు టైటిల్ వాళ్ళు పాత నోటీసు బయటికి లాగారు. రెండు కాగితాలూ ఫైల్లో ఉన్నాయి కాబట్టి గండం గడిచింది.

డేకేర్ మొదలయ్యాక ఒక్క విషయంలో నా మాట జవదాటకు. టీచర్లకి ఇచ్చే జీతంలో కోసిన టాక్స్ నీ డబ్బు కాదు. అద్దె కట్టాల్సి వచ్చినా, ఏసీ చెడిపోయినా దాన్ని ముట్టుకోకు. డేకేర్ ఎల్ఎల్‌సీ అనే కంపెనీ పేరు మీద ఉంది కదా, బాకీ నాదాకా రాదు అనుకోకు, ఆ డబ్బు జమ చేయకపోతే ఐఆర్ఎస్ నేరుగా నీ మీదకి, నీ ఇంటి మీదకి వస్తుంది. జీతాల లెక్కలు చూసే పేరోల్ కంపెనీకి అప్పగించినా వాళ్ళు జమ చేశారో లేదో నువ్వే చూసుకో. నీ సొంత టాక్స్ ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి పదిహేనుల్లో కట్టు. మేం ఆ తర్వాత వచ్చిన ప్రతి చెక్కులో మూడో వంతు వేరే అకౌంట్‌లో వేసేవాళ్ళం, ఇప్పటికీ వేస్తున్నాం.

ఫోన్ చేసి బెదిరించేవాళ్ళని నమ్మకు. ఐఆర్ఎస్ ముందు ఉత్తరమే రాస్తుంది.

మీ తాతయ్య శిస్తు రసీదులన్నీ ఇనప తీగకి గుచ్చి సావిట్లో దూలానికి వేలాడదీసేవారు. ఎవరొచ్చినా కనపడేట్టు. చిన్నప్పుడు గాలికి అవి గలగలమంటుంటే మీ అమ్మా నేనూ నవ్వుకునేవాళ్ళం. నీకు అరలు అరలుగా ఉండే ఒక ఫైలు, గోంగూర పచ్చడి రెండు సీసాలు, నీ డేకేర్ గోడకి పెట్టుకోవడానికి నేను కుట్టిన అక్షరాల గుడ్డ పార్సిల్ చేశాను. మంగళవారం అందుతుంది.

ఈ శనివారం మీ టైము ప్రకారం పొద్దున పదింటికి వీడియో కాల్ చేస్తాం. మీ ఇద్దరూ కూర్చోండి. వచ్చిన కవర్లన్నీ, తెరిచినవీ తెరవనివీ, బల్ల మీద పెట్టు. పెదనాన్న ఇప్పటికే కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు, తేదీల ప్రకారం తనే పేర్చి చూస్తానంటున్నారు.

మీ పెద్దమ్మ