పొద్దుగూకినా కోడిపిల్లలు గూటికి రావట్లేదు

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. రెండు నెలల కిందట ఇరవై గ్రామప్రియ రకం కోడిపిల్లల్ని తెచ్చాం, అప్పటికి ఒక్క రోజు వయసు. అట్టపెట్టెలో బల్బు పెట్టి పెంచాం. ఇప్పుడు పెరట్లో కొత్త గూడు కట్టించి వదిలితే పగలంతా బాగానే తిరుగుతున్నాయి గానీ చీకటి పడితే ఒక్కటీ గూట్లోకి రాదు. కొన్ని కట్టెల సందులో, కొన్ని జామచెట్టు మీద, నాలుగైదు ప్రహరీ గోడ మీద. రోజూ గంటసేపు తరిమి పట్టుకోవాల్సి వస్తోంది. మొన్న రెండు దొరకలేదు, పొద్దున చూస్తే ఈకలే మిగిలాయి. మా అత్తమ్మేమో "మా కోళ్లకు ఎవరు నేర్పారు, వాటంతటవే వచ్చేవి" అంటోంది. వీటికేమైంది?

జవాబు: వీటికేం కాలేదమ్మా. మీ అత్తమ్మ కోళ్లకు నేర్పింది తల్లికోడి, ఆ నేర్పడం మనుషుల కంట పడదు, అంతే తేడా. సందెవేళ పెట్ట గొంతు మార్చి నెమ్మదిగా పిలుస్తూ గూటి వైపు నడుస్తుంది, పిల్లలు దాని కాళ్లకు అడ్డం పడుతూ వెళ్లి రెక్కల కింద దూరతాయి, నెలన్నర రోజులు ఇలా సాగేసరికి ఆ గూడే తమ ఇల్లని వాటికి పాతుకుపోతుంది. మీ పిల్లలకు తెలిసిన ఇల్లు అట్టపెట్టె, తెలిసిన తల్లి బల్బు. ఆ రెండూ ఒకే రోజు పోయాయి. ఇక రాత్రి ఎక్కడ పడుకోవాలో వాటికి చెప్పేవాళ్లు లేరు. చెట్టెక్కడం కూడా తప్పు కాదు, మన కోళ్లన్నిటికీ మూలమైన అడవి కోళ్లు ఇప్పటికీ కొమ్మల మీదే పడుకుంటాయి.

కాబట్టి ఓ పది రోజులు తల్లి పని మీరు చెయ్యాలి. ముందు తరమడం మానెయ్యండి. సాయంత్రమైతే మనుషులు వెంటపడతారని ఒకసారి తెలిస్తే గూటి దగ్గరకే రావు.

రేపటి నుంచి వారం రోజులు వాటిని గూట్లోనే ఉంచండి, పగలు కూడా వదలొద్దు. మేత, నీళ్లు అన్నీ లోపలే. ఒక్కో పిల్లకు కనీసం చదరపు అడుగు చోటుండాలి, రేకుల కప్పయితే మధ్యాహ్నం పైన తడి గోనెలు పరచండి. మొదటి రెండు రోజులు అరుస్తాయి, జాలిపడి తలుపు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆ వారంలో మేత వేసిన ప్రతిసారీ ఒకే రకంగా పిలవండి. కో కో అంటారో, డబ్బాలో నూకలు గలగలలాడిస్తారో మీ ఇష్టం, పిలుపు మాత్రం మార్చొద్దు.

ఎనిమిదో రోజు పొద్దున కాకుండా, పొద్దుగూకడానికి గంట ముందు తలుపు తియ్యండి. ఆ రోజు మధ్యాహ్నం మూడు తర్వాత మేత వెయ్యొద్దు. ఆకలితో ఉన్న పిల్లలు దూరం పోవు, కాసేపు గీరి చూసుకుని మీ పిలుపు వినగానే వెనక్కి వస్తాయి. మేత మాత్రం గూటి లోపలే వెయ్యాలి, గడప దగ్గర గుప్పెడు కూడా వద్దు. మర్నాడు రెండు గంటలు, ఆ మర్నాడు ఇంకాస్త, అలా పెంచుతూ పోండి. గడియారం చూసి చెయ్యకండి, మన వైపు డిసెంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, జూన్‌లో ఏడు కావొస్తుంది, కోళ్లకు వెలుతురే లెక్క.

ఇక చాలామంది గమనించనిది ఒకటుంది. మా పెరట్లో మొదటిసారి బల్బు కింద పెంచిన పిల్లలు సందెవేళ గూటి దాకా వచ్చి తలుపు ముందు గుంపుగా ఆగిపోయేవి. ఒకటి మెడ చాచి లోపలికి చూస్తుంది, ఒక కాలు తలుపు ముందు పలక మీద పెడుతుంది, మళ్లీ వెనక్కి తీసేస్తుంది. నాకు అర్థం కాక పక్కనే చతికిలబడి వాటి ఎత్తు నుంచి చూశాను. బయట ఇంకా వెలుతురుంది, లోపల మాత్రం కటిక చీకటి. కోడికి చీకట్లో చూపు ఆనదు, అంత నల్లటి కంతలోకి ఎలా దూరుతుంది? లోపలి గోడకు చిన్న బల్బు వేలాడదీసి, పొద్దువాలే వేళకు వెలిగించాను. ఆ రోజే సగం పైగా వాటంతటవే ఎక్కాయి. అన్నీ చేరి సర్దుకున్నాక ఆర్పెయ్యాలి. పది పదిహేను రోజులకు ఆ బల్బు అవసరమే ఉండదు.

లోపల అడుగున్నర ఎత్తులో ఒక కర్ర అడ్డంగా కట్టండి, రెండు అంగుళాల మందం, అంచులు నున్నగా ఉంటే చాలు. ఎక్కి పడుకునే చోటు దొరికితే చెట్టు వైపు చూడవు, ఒక మూల కుప్పపడి కిందవి ఊపిరాడక చావడం కూడా తగ్గుతుంది.

అయినా మొండిగా చెట్టెక్కేవి ఒకటి రెండుంటాయి. వాటి కోసం పరుగెత్తొద్దు. పూర్తిగా చీకటి పడనిచ్చి, టార్చి వెలుగు కంట్లో కొట్టకుండా రెండు చేతులతో రెక్కలు అదిమి పట్టుకుని తెచ్చి, గూట్లో ఆ కర్ర మీద కూర్చోబెట్టండి. చీకట్లో కోడి గింజుకోదు. నాలుగైదు రాత్రులు ఓపిక పడితే తెలుసుకుంటుంది.

తలుపు వేసే ముందు లెక్కపెట్టండి. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఒకసారి పెళ్లికి వెళ్లే తొందరలో పొద్దు ఉండగానే తలుపు గడియ పెట్టేశాను, లెక్క చూడలేదు. మూడు పిల్లలు బయటే ఉండిపోయాయి. తెల్లారి చూస్తే ఈకలు పెరట్లో ఎక్కడో కాదు, సరిగ్గా తలుపు ముందు పలక మీదే ఉన్నాయి. అవి ఇంటికి వచ్చాయి, నేనే తలుపు మూశాను. ఆ పలక ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇంకో మాట. బాగా అలవాటైన పిల్లలు ఉన్నట్టుండి గూట్లోకి రావడం మానేస్తే వాటిని తిట్టకండి, రాత్రి టార్చి వేసి గూడు చూడండి. కర్ర చివర్లలో, పలకల సందుల్లో ఎర్రటి చిన్న పురుగులు దాక్కుని రాత్రిళ్లు రక్తం తాగుతుంటాయి, పగలు చూస్తే ఏమీ కనబడదు. లేదంటే పాము వచ్చి పోతూ ఉండొచ్చు, వేలు పట్టే సందున్నా మూసెయ్యాలి.

ప్రశ్న: మా నాటు పెట్ట తొమ్మిది పిల్లల్ని పొదిగింది. ఇన్నాళ్లూ గంప కింద కప్పేవాళ్లం. ఇప్పుడు రెండు నెలలయ్యాక తల్లి వేపచెట్టెక్కి పడుకుంటోంది, పిల్లలు కింద నిలబడి అరుస్తున్నాయి. ఏం చెయ్యాలి?

జవాబు: పెట్ట పిల్లల్ని విడిచేసే వయసొచ్చింది, దగ్గరికొస్తే పొడుస్తూ కూడా ఉండాలి, గమనించండి. తల్లిని దించి ప్రయోజనం లేదు. పిల్లలకు గంప ఒక్కటే తెలుసు కదా, అదే గంపను గూటి లోపల ఒక పక్కకు ఒరిగించి పెట్టండి. సాయంత్రం గూట్లో నూకలు చల్లి పిలిస్తే ఆ గంప చూసి లోపలికి పోతాయి. కొన్నాళ్లకు అవే గంప మీదకెక్కి పడుకుంటాయి, అప్పుడు తీసేసి కర్ర కట్టండి.