టెక్ సందేహాలు: బంతి ఎగరడం లేదు, తేలుతోంది!

ప్రశ్న: యానిమేషన్ నేర్చుకుందామని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశాను. మొదటి ప్రాక్టీస్‌గా బంతి పడి లేవడం చేస్తున్నా. పైన ఒక కీఫ్రేమ్ (ఏ ఫ్రేమ్‌లో బంతి ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తు), నేల మీద ఒకటి, మళ్లీ పైన ఒకటి, ఇలా పెట్టుకుంటూ పోయాను. చూస్తే బంతిలా లేదు, బెలూన్‌లా తేలుతోంది. స్క్వాష్ (నేలకు తగిలినప్పుడు బంతి నొక్కుకుపోవడం) పెట్టి చూసినా అంతే. తప్పెక్కడ? (రాజమండ్రి నుంచి ఓ డిగ్రీ విద్యార్థి)

జవాబు: ముందు ఆ స్క్వాష్ తీసేయండి. బంతి బంతిలా అనిపించాలంటే మొదట కుదరాల్సింది టైమింగ్, అంటే ఏ ఫ్రేమ్‌లో బంతి ఎంత ఎత్తులో ఉందన్నది. అది కుదిరితే ఇనుప గుండో రబ్బరు బంతో చూసేవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు, ఆకారం కొంచెం కూడా మార్చక్కర్లేదు. అది కుదరకపోతే ఎంత సాగదీసినా, ఎంత బాగా రెండర్ చేసినా (తుది వీడియోగా తయారుచేసినా) లాభం లేదు.

మీ దగ్గర జరుగుతున్నది ఇదీ. రెండు కీఫ్రేమ్‌లు పెడితే మధ్యలో కదలికను బ్లెండర్ డిఫాల్ట్‌గా బెజియర్ పద్ధతిలో నింపుతుంది. నెమ్మదిగా బయల్దేరి, మధ్యలో వేగం పుంజుకుని, చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది. తలుపు తెరుచుకోవడానికో కెమెరా జరగడానికో అది బాగుంటుంది, పడుతున్న బంతికి మాత్రం పూర్తిగా తప్పు, ఎందుకంటే నేలను తాకే క్షణంలోనే బంతి వేగం అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి. మీ బంతి సరిగ్గా అక్కడే బ్రేక్ వేస్తోంది, ఎవరో దారం కట్టి మెల్లగా దించుతున్నట్టు. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి జెడ్ లొకేషన్ (బంతి ఎత్తు) గీతను చూడండి, పైనా కిందా రెండుచోట్లా గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. పైన గుండ్రంగానే ఉండాలి. కింద మాత్రం ఇంగ్లిష్ ‘వీ’ అక్షరంలా మొన తేలి ఉండాలి.

సరిచేయడం చిన్న పనే. గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీత మీది కీలన్నీ (కీఫ్రేమ్‌లన్నీ) సెలెక్ట్ చేసి ‘టీ’ నొక్కి క్వాడ్రాటిక్ ఎంచుకోండి. తర్వాత పైన ఉన్న కీలను మాత్రమే సెలెక్ట్ చేసి కంట్రోల్ ‘ఈ’ నొక్కి ఈజ్ ఇన్ (నెమ్మదిగా మొదలై వేగం పుంజుకోవడం) ఇవ్వండి, నేల మీది కీలకు ఈజ్ ఔట్ (వేగంగా మొదలై నెమ్మదించడం) ఇవ్వండి. ఒక కీ మీద పెట్టిన సెట్టింగ్ దాని తర్వాతి భాగానికి వర్తిస్తుంది కాబట్టి పై కీకి ఇచ్చింది పడే భాగానికి, కింద కీకి ఇచ్చింది లేచే భాగానికి పనిచేస్తుంది. ఇది ఉజ్జాయింపు కూడా కాదు, గాలి నిరోధాన్ని పక్కనపెడితే గురుత్వాకర్షణ గీసే పారాబోలా సరిగ్గా ఇదే. హ్యాండిల్స్‌తోనే (గీత వంపును మార్చడానికి కీకి రెండు పక్కలా ఉండే పిడులతోనే) చేస్తామనేవాళ్లకు కూడా కొలత ఉంది: 1వ ఫ్రేమ్‌లో పైన, 16వ ఫ్రేమ్‌లో నేల మీద కీలుంటే, పై కీ కుడి హ్యాండిల్‌ను అదే ఎత్తులో 6వ ఫ్రేమ్ దగ్గర, కింద కీ ఎడమ హ్యాండిల్‌ను 11వ ఫ్రేమ్ దగ్గర, ఎత్తులో మూడింట రెండొంతుల చోట పెట్టండి. కింద కీ హ్యాండిల్ రకం ‘వీ’ నొక్కి ఫ్రీగా మార్చుకుంటేనే మొన వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏ ఫ్రేమ్‌లో కీ పెట్టాలి? చాలామంది ప్రతి ఎగురుకీ ఒకే 20 ఫ్రేమ్‌లు ఇచ్చి ఎత్తు మాత్రం తగ్గించుకుంటూ పోతారు. అక్కడే బంతి దొంగబంతి అని తెలిసిపోతుంది. ఎత్తు తగ్గితే సమయమూ తగ్గాలి. లెక్క తేలికే: ఎత్తును మీటర్లలో తీసుకుని 2తో గుణించి, 9.8తో భాగించి, వర్గమూలం తీస్తే పడటానికి పట్టే సెకన్లు వస్తాయి. 2 మీటర్ల నుంచి వదిలితే సుమారు 0.64 సెకను, సెకనుకు 24 ఫ్రేమ్‌ల లెక్కన 15 ఫ్రేమ్‌లు. మీ ప్రాజెక్ట్ 30 ఫ్రేమ్‌లలో ఉంటే 30తో గుణించుకోండి.

మరి ఎంత ఎత్తుకు లేవాలి? అది బంతిని బట్టి. టెన్నిస్ నిబంధనల ప్రకారం మామూలు టెన్నిస్ బంతిని 254 సెం.మీ. నుంచి గట్టి నేల మీదకు వదిలితే 135 నుంచి 147 సెం.మీ. వరకు లేవాలి, అంటే దాదాపు 55 శాతం. టేబుల్ టెన్నిస్ బంతి అయితే 30 సెం.మీ. నుంచి వదిలితే టేబుల్ మీద సుమారు 23 సెం.మీ. లేస్తుంది, 77 శాతం దాకా. ఒక బంతికి ఒక శాతం అనుకుని ప్రతి ఎగురుకీ అదే వాడండి. 2 మీటర్ల నుంచి పడిన టెన్నిస్ బంతి 1.1 మీటర్లు, తర్వాత 60 సెం.మీ., 33, 18, 10, ఇలా దిగుతుంది. నేలను తాకే ఫ్రేమ్‌లు 16, 39, 56, 69, 78, 85. మధ్య ఖాళీలు 23, 17, 13, 9, 7. పై కీ ప్రతి ఖాళీకి సరిగ్గా మధ్యలో. ఈ అంకెలు ఒకసారి అలాగే వేసి ప్లే చేయండి, చివర్లో టప్ టప్ టప్ అని దగ్గరపడే ఆ లయ దానంతటదే వస్తుంది, అది చూశాక ఇక సమాన ఖాళీలు పెట్టబుద్ధి కాదు.

నమ్మకం కుదరకపోతే ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో మోషన్ పాత్స్ దగ్గర కాలిక్యులేట్ నొక్కండి, ఫ్రేమ్‌కో చుక్క కనిపిస్తుంది. ఆ మొదటి 15 ఫ్రేమ్‌ల పతనంలో తొలి 5 ఫ్రేమ్‌లకు 22 సెం.మీ., తర్వాతి 5కి 67, ఆఖరి 5కి 111 రావాలి. పైన చుక్కలు ఒత్తుగా, కిందకొచ్చేకొద్దీ దూరం దూరంగా.

ఇంకొకటి, బ్లెండర్‌లో కొత్తగా పెట్టే గోళం వ్యాసార్థం 1 మీటరు! అంటే మీరు ఇన్నాళ్లూ రెండు మీటర్ల వెడల్పున్న బంతిని ఎగరేస్తున్నారు, దానికి చిన్న బంతి టైమింగ్ పెడితే కన్ను ఒప్పుకోదు. టెన్నిస్ బంతికి వ్యాసార్థం 0.033 ఇవ్వండి. కీలు పెట్టేటప్పుడు బంతి కేంద్రం ఎత్తు లెక్క కాబట్టి నేలను తాకినప్పుడు జెడ్ సున్నా కాదు, 0.033. పై కీలకూ అంతే కలపండి.

బంతి పక్కకు కూడా వెళ్తుంటే ఎక్స్ లొకేషన్‌ను (పక్కకు కదలికను) లీనియర్‌గా, అంటే ఒకే వేగంతో ఉంచండి. గాల్లో బంతి పక్కవేగం దాదాపు మారదు, నేలను తాకినప్పుడే కాస్త తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యాక స్క్వాష్. నిలువు స్కేల్ 0.8 చేస్తే మిగతా రెండు వైపులా 1.12 చేయాలి, లేకపోతే బంతి పరిమాణమే తగ్గినట్టుంటుంది. అది కూడా నేలను తాకిన ఫ్రేమ్ దగ్గరే, ఒకటి రెండు ఫ్రేములకు మించి వద్దు. కేంద్రం నుంచి నొక్కుతాం కాబట్టి బంతి అడుగు నేల నుంచి కాస్త పైకి లేస్తుంది, వ్యాసార్థంలో ఐదో వంతు కిందకు దించండి. బంతి తిరుగుతుంటే స్క్వాష్ కూడా దానితోపాటు తిరిగిపోయి అడ్డదిడ్డంగా వస్తుంది. దానికి మందు, లొకేషన్, స్కేల్ ఒక ఎంప్టీకి (రెండర్‌లో కనిపించని ఖాళీ ఆబ్జెక్ట్‌కి) ఇచ్చి, బంతిని దాని కింద పేరెంట్ చేసి (దానితోపాటు కదిలేలా కట్టి), రొటేషన్ మాత్రం బంతికి ఇవ్వడం.

అన్నట్టు, ‘టీ’ మెనూలోనే బౌన్స్ అని రెడీమేడ్ ఆప్షన్ ఉంది. దాంట్లో ప్రతిసారీ పావు వంతు ఎత్తుకే లేచి మూడు ఎగురుల్లో ఆగిపోతుంది. స్క్రీన్ మీద అక్షరాలు, లోగోలు పడటానికి చాలు. బంతి నేర్చుకోవడానికి వాడొద్దు.

ప్రశ్న: ఇంత లెక్క ఎందుకు, రిజిడ్ బాడీ (బ్లెండర్ తనే భౌతికశాస్త్రం లెక్కగట్టి కదిలించే సిమ్యులేషన్) పెడితే అదే చేస్తుంది కదా అని ఫ్రెండ్ అన్నాడు. పెట్టాను. బౌన్సీనెస్ 0.8 ఇచ్చినా బంతి నేల మీద పడి అతుక్కుపోతోంది! (వరంగల్ నుంచి)

జవాబు: బంతికి ఇచ్చారు, నేలకు ఇవ్వలేదు. బ్లెండర్ రెండింటి బౌన్సీనెస్‌నూ గుణిస్తుంది, నేలది డిఫాల్ట్‌గా సున్నా, సున్నాతో గుణిస్తే ఏముంటుంది? నేలకు 1, బంతికి 0.74 ఇవ్వండి. టెన్నిస్ బంతి 55 శాతం ఎత్తుకు లేస్తుంది కదా, 0.55 కాకుండా 0.74 ఎందుకంటే బౌన్సీనెస్ ఎత్తు నిష్పత్తి కాదు, వేగం నిష్పత్తి. 0.74ను దానితోనే గుణిస్తే 0.55 వస్తుంది. బంతి యాక్టివ్ (కదిలేది), నేల పాసివ్ (కదలనిది) అయి ఉండాలి, బంతి కొలిజన్ షేప్ స్ఫియర్‌గా మార్చండి, సైజు మార్చి ఉంటే కంట్రోల్ ‘ఏ’ నొక్కి స్కేల్ అప్లై చేయండి.

మీ ఫ్రెండ్ చెప్పింది పదుల కొద్దీ ఇటుకలు కూలే షాట్‌కి నిజమే. కానీ మూడో ఎగురుకి బంతి సరిగ్గా మెట్టు అంచును తాకాలి, ఐదోదానికి తలుపు కింద దూరాలి అని డైరెక్టర్ అడిగితే సిమ్యులేషన్ మీ మాట వినదు. బేక్ టు కీఫ్రేమ్స్ చేయొచ్చు (సిమ్యులేషన్‌ను కీఫ్రేమ్‌లుగా మార్చొచ్చు) గానీ కీలు గుట్టగా వచ్చిపడతాయి, వాటిని చేత్తో దిద్దడం నరకం. ముందు చేత్తో నేర్చుకోండి. సిమ్యులేషన్‌ను పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోవడానికి వాడండి, అలా అయితే అది మంచి గురువు.

ప్రశ్న: ప్రివ్యూలో టైమింగ్ చక్కగా ఉంది, రెండర్ చేస్తే బంతి మరీ స్పీడుగా పోతోంది. టెన్షన్‌గా ఉంది, రేపే సబ్మిట్ చేయాలి. (హైదరాబాద్ నుంచి)

జవాబు: మీ సిస్టమ్ ప్రివ్యూను 24 ఫ్రేమ్‌ల వేగంతో చూపించలేక నెమ్మదిగా నడిపిస్తోంది, మీరు ఆ నెమ్మదిని చూసి కీలు సర్దారు. టైమ్‌లైన్‌లో ప్లేబ్యాక్ మెనూ తెరిచి సింక్ దగ్గర ‘ప్లే ఎవ్రీ ఫ్రేమ్’ తీసేసి ‘ఫ్రేమ్ డ్రాపింగ్’ పెట్టండి. కొన్ని ఫ్రేములు ఎగిరిపోయినా సమయం మాత్రం నిజమైనది కనిపిస్తుంది. సాలిడ్ వ్యూలోనే చూడండి. తర్వాత కీలన్నీ సెలెక్ట్ చేసి, కర్సర్ మొదటి ఫ్రేమ్ దగ్గర ఉంచి, ‘ఎస్’తో కావాల్సినంత సాగదీయండి, ఖాళీల నిష్పత్తి చెడదు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, కొత్త బ్లెండర్ తెరుచుకోవడమే లేదు. బంతి కోసం గ్రాఫిక్స్ కార్డ్ కొనాలా? (అనంతపురం నుంచి)

జవాబు: వద్దు. బ్లెండర్ 4.0 నుంచి ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే ప్రమాణం) 4.3 ఉండాలి, పాత గ్రాఫిక్స్ చిప్‌లు అక్కడే ఆగిపోతాయి. 3.6 వెర్షన్ ఓపెన్‌జీఎల్ 3.3తో నడుస్తుంది, బ్లెండర్ వెబ్‌సైట్‌లోనే పాత వెర్షన్లు ఉచితంగా దొరుకుతాయి. పైన చెప్పిన గ్రాఫ్ ఎడిటర్ పనంతా అందులోనూ అలాగే ఉంటుంది.

ఈలోగా ఫోన్‌తో ఒక పని చేయండి. గోడకు కొలత టేపు అంటించి, పక్కన బంతిని వదిలి సెకనుకు 60 ఫ్రేమ్‌ల వీడియో తీయండి, ఫోన్ కదలకుండా ఏదైనా ఆనించి. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపే ప్లేయర్‌లో నేలను తాకే ఫ్రేములు రాసుకుని ఖాళీలను 0.4తో గుణిస్తే 24 ఫ్రేమ్‌ల లెక్క వస్తుంది. అక్కడ 57 వస్తే ఇక్కడ 23. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్‌రేట్ మధ్యమధ్యలో మారుతుంటుంది కాబట్టి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌కు మార్చుకోండి, లేదంటే లెక్క తేడా కొడుతుంది.